యూఎక్స్ డిజైన్‌కు ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) డిజైనర్, అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవారికి సులువుగా ఉండేలా రూపొందించే నిపుణురాలు అవుతానంటోంది. మారతహళ్లిలోని ఒక శిక్షణ సంస్థ ఏడు సాఫ్ట్‌వేర్లు నేర్పుతామని లక్షన్నర ఫీజు అడుగుతోంది. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: సాఫ్ట్‌వేర్ల కోసమే అయితే వద్దు. యాప్ తెరల నమూనాలు గీయడానికి, వాటిని నొక్కితే స్పందించే ప్రోటోటైప్‌గా మార్చడానికి నేడు ఎక్కువ కంపెనీలు వాడుతున్నది ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్. ఇది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, విద్యార్థులకు ఉచితంగా లభిస్తుంది. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ‘స్కెచ్’లో డిజైన్ చేయాలంటే మ్యాక్ కంప్యూటర్ ఉండాలి. ఇదే పనికి వాడే అడోబీ కంపెనీ ‘ఎక్స్‌డీ’కి కొత్త హంగులు చేర్చడం ఆ కంపెనీయే మానేసింది కాబట్టి, సిలబస్‌లో దానికి పెద్దపీట వేసి ఉంటే ఆ సిలబస్ పాతదనే అనుకోవాలి.

మీ అమ్మాయి శ్రద్ధంతా పెట్టవలసింది యూజర్ టెస్టింగ్ మీద, అంటే వాడేవారి చేతికే నమూనా ఇచ్చి ఎక్కడ తడబడుతున్నారో గమనించడం మీద. ఉదాహరణకు, పీజీ (పేయింగ్ గెస్ట్) వసతి గృహాల అద్దెలు వసూలు చేసే యాప్‌ను ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ ప్రాంతాల్లో తెలుగువారు నడిపే పీజీలకు కొదవ లేదు గనుక పరీక్షకు మనుషులు దొరకడం కష్టం కాదు. ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటను చాలామంది సగమే గుర్తుపెట్టుకుంటారు. పదిహేనుమంది దొరికితే ఐదుగురి చొప్పున మూడు విడతలు చేసి, విడత విడతకూ డిజైన్‌ను దిద్దుకోవాలన్నది ఆయన అసలు సలహా. వాడేవారు రెండు భిన్న వర్గాలైతే, ఇక్కడ యజమానులు, అద్దెకుండేవారిలాగా, ఒక్కో వర్గం నుంచి ముగ్గురు నలుగురిని పిలవమని కూడా ఆయన చెప్పారు.

పని అప్పగించే తీరులోనే డిజైనర్ నేర్పు తెలుస్తుంది. తెర మీద ‘రసీదు’ అనే బటన్ ఉన్నప్పుడు ‘రసీదు తీయండి’ అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. ‘పోయిన నెల అద్దె కట్టినట్టు ఆఫీసులో ఆధారం అడిగారు, ఏం చేస్తారు?’ అని అడిగి, మనసులో అనుకునేది పైకి చెబుతూ చేయమని కోరి, తర్వాత మౌనంగా ఉండాలి. ‘ఇది నొక్కనా?’ అని అడిగితే, ‘నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?’ అని తిరిగి అడగాలి. మనవాళ్లు పిల్లల మనసు నొప్పించలేక ‘బాగుందమ్మా’ అనేస్తారు. ఆ మెప్పును పక్కన పెట్టి, వేలు ఎక్కడ ఆగింది, ఏ తెర నుంచి వెనక్కి మళ్లారు అన్నవి రాసుకోవాలి. తెరను రికార్డు చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, పోర్ట్‌ఫోలియోలో (చేసిన ప్రాజెక్టుల సంకలనంలో) వారి పేర్లు పెట్టకూడదు. చివర్లో జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన, వాడుక ఎంత సులువో కొలిచే పది ప్రశ్నల ‘సిస్టమ్ యూజబిలిటీ స్కేల్’ ఇవ్వవచ్చు గానీ, కొద్దిమందితో వచ్చిన స్కోరును గొప్పగా చూపించుకోవడం అనవసరం.

ఫీజు కట్టే ముందు ఆ సంస్థ విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు రెండు మూడు చూపించమనండి. పరీక్షలో ఏం తేలింది, దాన్నిబట్టి ఏ తెర మార్చారు అన్నది అందులో లేకపోతే చేర్పించకండి. ప్రాజెక్టు చేశాక కూడా ఆసక్తి నిలిస్తే ఎం.డెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) గురించి ఆలోచించవచ్చు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు ప్రాంగణంలో ఇంటరాక్షన్ డిజైన్ కోర్సు ఉంది, దానికి ఎన్ఐడీ సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీల్లోని ఎం.డెస్ కోర్సులకు సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అది సాధారణంగా జనవరిలో జరుగుతుంది కాబట్టి, దరఖాస్తు గడువు అంతకు కొన్ని నెలల ముందే ముగుస్తుంది.