కప్పు అడుగున పేరు

ప్రశ్న: మాస్టారూ, గుంటూరులో మా పెరట్లో చిన్న కరెంటు కొలిమి పెట్టుకుని టీ కప్పులు చేస్తున్నాను. "పది నిమిషాలు సారె తిప్పినదానికి ఐదొందలా?" అంటున్నారు కొనేవాళ్లు. పైగా మా మరిది, జపాన్ కుమ్మరి హమాదా అంతటివాడే కుండ మీద పేరు వేసుకోలేదట, నీకెందుకమ్మా ముద్ర అని వెక్కిరిస్తున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: పది నిమిషాల గొడవ ముందు తేల్చేద్దాం అమ్మాయ్. షోజి హమాదాకీ ఈ పోటు తప్పలేదు. పెద్ద పళ్లెం వాల్చి పట్టుకుని, గరిటెడు గ్లేజు, అంటే కాల్చాక గాజులా మెరిసే పూత, ఒక్క విసురున పోసేవాడు. వంకరపోతే వంకరే, దిద్దుబాటు లేదు. పదిహేను సెకన్ల పని. ఇంతేనా అన్నవాళ్లకి, దానికి అరవై ఏళ్లు కూడా కలుపుకోండి అన్నాడు. మా కృష్ణలంకలో కార్తీకానికి ప్రమిదలు చేసే తాతయ్య ఉన్నాడు. వత్తి పెట్టే మూతి నొక్కేటప్పుడు ప్రమిద వంక చూడనైనా చూడడు, నాతో కబుర్లాడుతూనే ఉంటాడు. ఆయనతోనూ జనం రూపాయి దగ్గర బేరమాడతారనుకోండి, అది వేరే కథ.

హమాదా 1894లో పుట్టాడు. టోక్యోలో సిరామిక్స్ చదివి, క్యోటోలో గ్లేజుల మీద ప్రయోగాలు చేశాడు. 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ వెళ్లి, గట్టు వాలు మీదికి ఎక్కుతున్నట్టు మెట్లుమెట్లుగా ఉండే జపాన్ ఆవం కట్టాడు. తిరిగొచ్చాక స్థిరపడింది మషికోలో. నీళ్ల జాడీలు, వంటింటి పాత్రలు చేసే పల్లె అది. మట్టి గరుకు. ఆయన దాన్నే పట్టుకున్నాడు. మన కుమ్మరుల్లాగే సారెను కర్రతో తిప్పేవాడు. ఊళ్లో దొరికే రాతిపొడితో ఎర్రమట్టి రంగు గ్లేజు, వరి ఊక బూడిదతో పాలతెలుపు గ్లేజు. ఊక బూడిద! మన రైసు మిల్లుల వెనక గుట్టలుగా పడుంటుంది చూడండి, అదే.

ఒకినావాలో చూసిన చెరకుని నాలుగు కుంచె గీతల్లోకి దింపి, దశాబ్దాల తరబడి అదే బొమ్మ వేశాడు. విసుగు రాలేదా అని నాకూ అనిపించేది. రెండు కుండలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చెరకు గాలికి ఊగుతుంటుంది, ఇంకోటి నిటారుగా ఉంటుంది.

ఇక ముద్ర. మీ మరిది చెప్పింది నిజమే, ఇంగ్లండ్ నుంచి వచ్చాక కుండ మీద పేరు మానేశాడు. సగమే చెప్పాడు మరి. కుండ పెట్టిచ్చే చెక్కపెట్టె మూత మీద హమాదా తన చేత్తోనే పేరు రాసిచ్చేవాడు. జపాన్‌లో ఆ పెట్టె ఉంటే ధర వేరు, లేకపోతే వేరు! 1955లో ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. అంతటి పేరు వచ్చాక ముద్ర లేకున్నా చెల్లుతుంది. మీకు పెట్టె లేదు, పేరూ ఇంకా రాలేదు. కప్పు కాస్త గట్టిపడగానే అడుగున చిన్న ముద్ర వేయండి. ధర ఒక్క రూపాయి తగ్గించొద్దు.

ఊక బూడిద సరదా పుడితే, అదొక్కటే కరగదు. కట్టెల బూడిద, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పొడి కలపాలి. కొలిమి 1,250 డిగ్రీల దాకా వెళ్తుందో లేదో ముందు చూసుకోండి. జల్లెడ పట్టేటప్పుడు మాత్రం ముక్కుకి మంచి మాస్కు ఉండాల్సిందే, చీర కొంగు చాలదు.