మైకు గొంతు మూసుకుపోయిందా? పారేయకండి

అండీ, మీ భజన బృందం వాడే షూర్ కంపెనీ ఎస్‌ఎం58 మైకు ఏడాదిన్నరకే మూసుకుపోయినట్టు పలుకుతోందని, కొన్న షాపువాళ్లు ఫోన్ ఎత్తడం లేదని రాశారు. టెన్షన్ పడకండి, ముందు కేబుల్ మార్చి చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

కేబుల్ బాగుంటే, పైనున్న గుండ్రటి జాలీని చేత్తో తిప్పి విప్పండి. లోపల స్పాంజి ఉంటుంది. ఏడాది పాటు పాడినవాళ్ల ఉమ్మి, చెమట, దుమ్ము అందులోనే పేరుకుంటాయి. మా మైకు జాలీ విప్పినప్పుడు ఆ స్పాంజి నల్లగా అట్టకట్టి ఉంది. స్పాంజితో సహా ఆ జాలీని మాత్రమే గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, రాత్రంతా ఆరబెట్టి బిగించాను. పై స్థాయి మళ్లీ స్పష్టంగా వినిపించింది. మైకు ఒంటికి మాత్రం చుక్క నీరు తగలనివ్వకండి.

అప్పటికీ మారకపోతే లోపలి క్యాప్సూల్, అంటే గొంతును పట్టుకునే భాగం, పోయి ఉండొచ్చు. అదొక్కటే విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. 1966లో వచ్చిన ఈ మోడల్ ఇప్పటికీ వేదికల మీద నిలిచిందంటే ఇదీ ఒక కారణమే.

ఒక్క మాట, దీనికి నకిలీలు చాలా ఉన్నాయి. బిల్లు తీసుకుని కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి వెళ్లండి, అసలుదో కాదో చూసి చెబుతారు. ఈసారి కొనేటప్పుడు ధరకంటే ముందు "పాడైతే ఎవరు చూస్తారు, విడిభాగాలు తెప్పిస్తారా" అని అడగండి. నేను వంద రూపాయలు ఎక్కువైనా ఆ జవాబు సూటిగా చెప్పే షాపులోనే కొంటాను.