ఫ్లాష్ వేస్తే ముఖం తెల్లబడి, వెనకంతా చీకటైపోతోంది. ఏం చేయాలి?

నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం కట్ట మీద సాయంత్రం తమ్ముడి ఫోటోలు తీస్తే ముఖానికి సున్నం కొట్టినట్టుందని, వెనక నీళ్లు కనబడలేదని అడిగారు.

ఆ ఫోటోలో రెండు వెలుగులున్నాయి, ఆకాశానిది ఒకటి, ఫ్లాష్‌ది ఒకటి. వాటిని విడివిడిగా సర్దుకోవాలి. ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది కాబట్టి షట్టర్ స్పీడ్ (ఫోటో తీసేటప్పుడు కెమెరా వెలుగును లోపలికి రానిచ్చే సమయం) దాన్ని దాదాపు మార్చదు, ఆకాశాన్ని మాత్రం మారుస్తుంది. ముందు ఫ్లాష్ ఆపేసి, మాన్యువల్ మోడ్‌లో (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే పద్ధతిలో) ఆకాశం రంగు నచ్చేదాకా షట్టర్ సర్దండి. చాలా కెమెరాల్లో షట్టర్ స్పీడ్ సెకనులో 1/200 లేదా 1/250 వంతు కంటే వేగంగా పెడితే మామూలు ఫ్లాష్‌తో ఫోటోలో నల్ల పట్టీ పడుతుంది. తర్వాత ఫ్లాష్‌ను దాని పూర్తి పవర్‌లో 1/16 వంతుతో మొదలుపెట్టి, ముఖం చూసుకుంటూ మెల్లగా పెంచండి.

అన్నిటికంటే ముఖ్యం, ఫ్లాష్‌ను కెమెరా మీంచి దించేయండి. ఎదురుగా పడే వెలుగు వల్లే ముఖం చదునుగా వస్తోంది. ట్రిగ్గర్‌తో (ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే పరికరంతో) 45 డిగ్రీలు పక్కకు, కళ్ల కంటే కాస్త ఎత్తులో, తెల్ల గొడుగు గుండా వేయండి. గొడుగు ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తగా వస్తాయి. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కట్ట మీద గాలికి స్టాండ్ పడిపోకుండా ఎవరినైనా పట్టుకోమనండి.

ఇక బ్యాక్‌గ్రౌండ్. నీటి అంచు గీత మెడను కోసినట్టు రాకూడదు. కెమెరాను ఛాతీ ఎత్తుకు దించితే ఆ గీత కూడా ఛాతీ దగ్గరికి దిగి, తల వెనక ఆకాశం ఒక్కటే మిగులుతుంది. కరెంటు స్తంభం అడ్డొస్తే మీరే రెండడుగులు పక్కకు జరగండి.