మంచు గురించి రాస్తున్న నీకు

జయనగర్, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

హిమానీనదాల (గ్లేసియర్ల) మీద నీ వ్యాసం చదివానమ్మా. మంచు తెల్లదనం మీద మొదటి పేజీ మొత్తం తీసెయ్. నువ్వు చెప్పాల్సింది దాని బరువు గురించి.

"మంచు గట్టిపడి నదిలా పారుతుంది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. గట్టి గడ్డ ఎలా పారుతుందని పాఠకుడు ఆగేది అక్కడే. నెమ్మదిగా చెప్పు. ఎండాకాలంలో కరిగేదానికంటే చలికాలంలో ఎక్కువ మంచు పడే చోట ఏటేటా పొరలు పేరుకుంటాయి. పై బరువుకు కింది పొర నలిగి గరుకు గింజలవుతుంది. ఇంకా నలిగితే గింజల మధ్య గాలి బయటికి పోయే దారి మూసుకుపోయి బుడగలుగా చిక్కుకుంటుంది. అప్పుడది మంచుగడ్డ. మందం కొన్ని పదుల మీటర్లు దాటాక తన బరువుకు తానే లోపల సాగుతూ వాలు వెంట కదులుతుంది. అదే హిమానీనదం.

కొండను చెక్కేది కూడా ఒట్టి మంచు కాదు. అడుగున కరిగిన నీరు రాతి పగుళ్ళలో దిగి మళ్ళీ గడ్డకడుతుంది. గ్లేసియర్ కదిలినప్పుడు ఆ రాళ్ళు ఊడి దానితోపాటు వస్తాయి. ఉప్పుకాగితంలా నేలను రుద్దేవి అవే. నది కోసిన 'వి' లోయ అలా వెడల్పై 'యు' అవుతుంది. గోముఖ్ దగ్గర గంగోత్రి హిమానీనదం నుంచి బయటపడే భాగీరథి నీళ్ళు బూడిద రంగులో ఉండేది ఆ రాతిపిండి వల్లే. మోసుకొచ్చిన రాళ్ళను గ్లేసియర్ దించిపోయిన గుట్టలే మొరైన్లు.

హిమాలయం మనవాళ్ళకు దూరమని నీకు టెన్షన్ ఎందుకు? గోదావరి లోయలో బొగ్గు పొరల కింద తాల్చేర్ రాతిపొరలున్నాయి. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట, మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పటివి. సన్నటి బురదలో పెద్ద పెద్ద బండలు కలగలిసి ఉంటాయి. పారే నీరైతే బరువును బట్టి వేరుచేసేది, మంచు అన్నిటినీ ఒకేచోట వదిలేస్తుంది. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర ఇలాంటివి చూసి, ఇది మంచు పనేనని భూగర్భ శాస్త్రవేత్తలైన బ్లాన్‌ఫోర్డ్ సోదరులు 1856లోనే గుర్తుపట్టారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే విషయం ఇది.

గుండ్రంగా ఉందని మన లాల్‌బాగ్ బండను కూడా హిమానీనదం ఖాతాలో వేశావు. అది సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి 'నైస్' (gneiss) అనే రకం రాయి, ఎండావానలకు పొరలు ఊడి అలా నునుపెక్కింది. ఆ పేరా కొట్టేసి అక్కడ గోదావరి లోయ పెట్టు. మీ మామయ్య సింగరేణిలో డ్రిల్లింగ్ చేశారన్నావు కదా. బొగ్గు దాటాక ఎలాంటి రాయి తగిలేదో ఈ ఆదివారమే ఫోన్ చేసి అడుగు, ఆయన వాడిన మాటలనే వ్యాసంలో ఉంచు.