చేరిన రోజే వెళ్లే తేదీ తెలిసిపోయే కస్టమర్లతో వ్యాపారం

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఫిట్‌నెస్ ట్రైనర్‌ని, ఒక జిమ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా పాపకు ఇప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్నప్పుడు నాకు తగ్గ వ్యాయామం చెప్పేవాళ్లు దొరకలేదు. నేనే చదువుకుని ప్రీనేటల్, పోస్ట్‌నేటల్ శిక్షణలో సర్టిఫికెట్ తీసుకున్నాను. గర్భిణులకు, బాలింతలకు మాత్రమే ఒక స్టూడియో పెట్టాలని ఉంది. మా దగ్గర 14 నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. అందులో చాలావరకు పెట్టేసి, మిగతాది లోన్ తీసుకుందామని ఆలోచన. ఒక స్నేహితురాలు సగం పెట్టుబడి పెడతాను, సగం వాటా ఇమ్మంటోంది. మావారేమో రికార్డు చేసిన వీడియోలు అమ్మితే చాలదా అంటున్నారు. అంచనా లెక్కలు జతచేశాను. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. స్టూడియో లీజు మీద కూడా ఇప్పుడే సంతకం పెట్టొద్దు. మీ ఆలోచన బాగాలేదని కాదు. పని తెలిసిన మనిషి మీరు, అవసరమూ నిజమే. గర్భిణులు, బాలింతలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. డాక్టర్లు నడవమనీ కదలమనీ చెబుతారు. ఎలా కదలాలో పక్కనుండి చూపించేవాళ్లు తక్కువ. గిరాకీ గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా మీరు పంపిన కాగితంలో లేని ఒక అంకె గురించి.

ముందు ఉన్న అంకెలు చూద్దాం. ఒక మనిషి నెల ఫీజునే కొలతగా పెట్టుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. మీరు రాసిన ప్రకారం అద్దె, కరెంటు, శుభ్రం చేయించడం కలిపి 13 ఫీజులు. క్లాసు జరుగుతున్నంతసేపూ పిల్లల్ని చూసుకునే ఆయాకు 4. ఇన్సూరెన్స్, అకౌంట్స్, బుకింగ్ యాప్‌కు 3. మొత్తం 20. మీ ఇప్పటి జీతం 15 ఫీజులతో సమానం. అంటే 20 మంది ఉంటే స్టూడియో తన ఖర్చు తాను భరిస్తుంది, 35 మంది ఉంటే మీ జీతం మీకు వస్తుంది. "మూడు నెలల్లో 35 మంది చేరతారు" అని కింద రాశారు. చేరతారనే అనుకుందాం. కానీ వాళ్లు ఎన్నాళ్లు ఉంటారు?

మామూలు జిమ్‌లో నచ్చిన మనిషి ఏళ్ల తరబడి వస్తాడు. మీ దగ్గరికి వచ్చే ఆవిడ డ్యూ డేట్ చేతిలో పెట్టుకునే వస్తుంది. మొదటి మూడు నెలలు వాంతులు, నీరసం, భయం. చాలామంది 14వ వారం దాటాకే వ్యాయామం ఊసెత్తుతారు. 36వ వారం వచ్చేసరికి ఒంటి బరువుతో రాలేమంటారు. మధ్యలో ఉన్నది 22 వారాలు, అంటే అయిదు నెలలు. మీ లెక్కలో లేని అంకె ఇదే. అయిదు నెలలకు ఒకసారి మీ క్లాసు మొత్తం మారిపోతుంది. 35 మందిని నిలబెట్టాలంటే నెలనెలా ఏడుగురు కొత్తవాళ్లు రావాలి. ఏ నెల నలుగురే వస్తే ఆ నెల ముగ్గురి ఫీజు పోయినట్టే, ఆ లోటు తర్వాతి నెలల మీదా పడుతుంది. అద్దె మాత్రం పైసా తగ్గదు.

అందుకే ఈ వ్యాపారంలో డబ్బు నిలిచేది ప్రసవం తర్వాతే. వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగొచ్చి నాలుగు నెలలు ఉన్నారనుకోండి. సగటున ఒక్కొక్కరు ఏడు నెలల ఫీజు కట్టినట్టు, నెలకు అయిదుగురు కొత్తవాళ్లు సరిపోతారు. తిరిగొచ్చినవాళ్లు ఎనిమిది నెలలు ఉంటే నలుగురు చాలు. నెలకు ఏడుగురిని వెతకడానికీ నలుగురిని వెతకడానికీ ఉన్న తేడా ప్రకటనల ఖర్చులో తెలుస్తుంది, మీ నిద్రలోనూ తెలుస్తుంది.

తిరిగొస్తారా రారా అన్నది అంచనా కాగితం మీద తేలే విషయం కాదు. మీ మొదటి బ్యాచ్ అయిదు నెలలు చేయాలి, ప్రసవించాలి, డాక్టర్ పరీక్ష అవ్వాలి, ఇంట్లో కాస్త కుదురుకోవాలి. సిజేరియన్ అయితే ఇంకొన్ని వారాలు ఎక్కువ. ఎటు చూసినా ఎనిమిది నెలలు గడిస్తే గానీ మీ వ్యాపారంలో రెండో సగం ఉందో లేదో మీకే తెలియదు. అది తెలియకుండా మూడేళ్ల లీజు, దాని మీద లోన్ అంటే నేను ఒప్పుకోను.

మరేం చేయాలి? ఏదైనా డాన్స్ స్కూలో, ఫిజియోథెరపీ క్లినిక్కో ఖాళీగా ఉండే గంటలకు హాలు అద్దెకు తీసుకోండి. గంటకు ఎక్కువ కట్టినట్టు అనిపిస్తుంది, కట్టండి. క్లాసు లేని రోజు ఖర్చు కూడా లేకపోవడం ఈ దశలో మీకు చాలా విలువైన సంగతి. జిమ్‌లో సగం రోజు పనికి మారతానని అడగండి. తొమ్మిదేళ్ల మనిషిని పూర్తిగా వదులుకోవడం కంటే వాళ్లకూ అదే మేలనిపించవచ్చు. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో పోటీ వ్యాపారం గురించి షరతు ఏదైనా ఉందేమో మాత్రం ముందే చూసుకోండి. పొదుపు 14 నెలలది కదా, ఎనిమిది నెలల ఖర్చు ముట్టుకోవద్దు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అంతకంటే తక్కువ ఉంచమని నేను చెప్పను. మూడు నెలల మొత్తం వ్యాపారానికి. మిగిలిన మూడు నెలలది, సగం జీతం వచ్చే రోజుల్లో ఇంటికి. వ్యాపారానికి తీసిన డబ్బు అయిపోతే ఆపేసి లెక్క చూసుకోవాలి, ఎనిమిదిలోంచి చేబదులు తీసుకోకూడదు.

ఇంకో చోట మీ లెక్క జారింది. నాలుగు నెలల ప్యాకేజీ అమ్మి ఫీజంతా ముందే తీసుకుంటానన్నారు. పదిమంది కడితే ఖాతాలో 40 ఫీజులు కనిపిస్తాయి, రెండు నెలల స్టూడియో ఖర్చు చేతికొచ్చినట్టు ఉంటుంది. అందులో ఈ నెల మీరు సంపాదించింది పది మాత్రమే. మిగతా ముప్పై ఇంకా వాళ్ల డబ్బే. ఏ వ్యాపారంలోనైనా ఇది నిజమే, మీ దగ్గర ఇంకాస్త ఎక్కువ నిజం. ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) వచ్చిందని, మాయ కిందికి ఉందని, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్ ఏ రోజైనా ఆపేయమనవచ్చు. అప్పుడు "ప్యాకేజీ డబ్బు వాపసు ఉండదు" అన్నారంటే ఆవిడ ఊరుకున్నా, ఆవిడ డాక్టర్ మరొకరిని మీ దగ్గరికి పంపదు. జరగని క్లాసుల డబ్బు వెనక్కి ఇస్తామని ముందే రాసివ్వండి. అడ్వాన్సులకు వేరే ఖాతా తెరిచి, ప్రతి శనివారం ఆ వారం జరిగిన క్లాసుల మేరకే మీ ఖాతాలోకి మార్చుకోండి.

వాళ్లను తిరిగి రప్పించేది డిస్కౌంట్ కూపన్ అనుకోకండి. ప్రసవానికి ముందు అమ్మే ప్యాకేజీలోనే, డాక్టర్ పరీక్ష అయ్యాక ఒక గంట విడిగా కూర్చునే సెషన్ చేర్చండి. మీకు తెలిసిన పనే. ఆవిడను మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా ఎత్తమని, బొడ్డు దగ్గర నడి గీత మీద వేళ్లు ఆనించి పొట్ట కండరాల మధ్య ఎంత సందు ఉందో చూస్తారు. రెండు వేళ్లకు మించి ఉన్నా, తల ఎత్తగానే మధ్యలో గట్టులా పొంగినా క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే పొట్ట వ్యాయామం) వద్దని చెబుతారు. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడుతోందా అని అడుగుతారు. ఆ ప్రశ్న ఆవిడను అప్పటిదాకా ఎవరూ అడిగి ఉండకపోవచ్చు, తనంతట తాను చెప్పుకోలేదు కూడా. అవసరమైతే పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింది నుంచి మోసే కండరాల సంగతి చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపండి. మీకు పట్టేది ఒక గంట. నెలల ఫీజు వచ్చేది ఆ గంటలోంచే. "ఆరు వారాల్లో పొట్ట మాయం" లాంటి పోస్టర్లు మాత్రం వేయకండి. పరుగు మొదలుపెట్టడానికే కనీసం మూడు నెలలు ఆగమని 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొందరపెట్టి చేయించి ఒకరికి నొప్పి వస్తే, పోయేది ఫీజు ఒక్కటే కాదు.

ఇన్సూరెన్స్‌కు లెక్క వేశారు, మంచిదే. ట్రైనర్ పాలసీ అన్నంత మాత్రాన గర్భిణులకు ఇచ్చే శిక్షణ అందులో ఉంటుందని అనుకోవద్దు. ఉందని కంపెనీ నుంచి రాతలో తీసుకోండి. ప్రతి ఒక్కరి దగ్గరా డాక్టర్ అనుమతి కాగితం, ఆరోగ్య ప్రశ్నావళి ఉండాలి. పంపించినందుకు డాక్టర్లకు కమిషన్ ఇవ్వొచ్చా అని చివర్లో చిన్న అక్షరాల్లో అడిగారు. వద్దు. అది తప్పు, కొన్ని చోట్ల నేరం కూడా. దానికి బదులు ఆవిడ ఒప్పుకుంటే నెలకోసారి ఏం చేయించారో, ఎలా ఉందో అరపేజీ రాసి డాక్టర్‌కు పంపండి.

మీ కాగితంలో అసలు లేని ఖర్చు ఇంకొకటి ఉంది. మీకో, పాపకో జ్వరం వస్తే క్లాసు ఎవరు చెబుతారు? గర్భిణుల క్లాసులో ఎనిమిది మందికి మించితే ఒక్కొక్కరినీ చూడలేరు. 35 మంది వారానికి మూడుసార్లు వస్తే 14 క్లాసులవుతాయి. అన్నీ మీరే చెప్పే లెక్క మీద ఏ ఇల్లూ నడవకూడదు. వారానికి రెండు క్లాసులు ఇంకో శిక్షకురాలికి ఇచ్చి, ఆమె జీతం మొదటి రోజు నుంచే ఖర్చులో రాయండి.

మీవారి మాటలో సగం పనికొస్తుంది. రికార్డు వీడియోలో మీరు ఆవిడను చూడలేరు, నడుము వంగిందో ఊపిరి బిగబట్టిందో తెలియదు. పైగా ఫోన్లో ఉచితంగా దొరికేవాటితో ధరలో పోటీ పడాలి. అదే లైవ్‌లో నలుగురైదుగురికి చెప్పే క్లాసైతే వేరు. తొమ్మిదో నెలలో బయటికి రాలేనివాళ్లు, చంటిబిడ్డను వదిలి కదల్లేనివాళ్లు అందులో ఉండిపోతారు. అయిదు నెలల గడువు కొంత సాగుతుంది, హాలు అద్దె కూడా ఉండదు.

ఇక స్నేహితురాలు. పని చేయకుండా సగం పెట్టుబడికి సగం వాటా అంటే, రోజూ క్లాసు చెప్పే మీ పనికి విలువ సున్నా అని ఒప్పుకున్నట్టు. కాదనడం మొహమాటంగా ఉంటే ఇలా చెప్పండి: ఇప్పుడు పెట్టుబడి అవసరమే లేదు, ఏడాది తర్వాత స్టూడియో తీసుకునే రోజు వస్తే అప్పుగా ఇవ్వు, వడ్డీతో తీరుస్తాను. వాటాయే కావాలని పట్టుబడితే ముందు మీ పనికి నెలజీతం తీసి, మిగిలిన లాభంలోనే వాటా. ఎవరైనా తప్పుకోవాలనుకుంటే ఏ లెక్కన కొనుక్కోవాలో కూడా అదే రోజు కాగితం మీద పెట్టండి.

ఏడాది తర్వాత నాకు మళ్లీ రాయండి. ఎంతమంది ఉన్నారో అక్కర్లేదు. వరసగా ఆరు నెలలు, డిస్కౌంట్ ఇవ్వకుండా, నెలకు అయిదుగురికి తగ్గకుండా కొత్తవాళ్లు వచ్చారా, ప్రసవం తర్వాత సగం మంది తిరిగొచ్చారా, ఈ రెండు అంకెలూ పంపండి. అవి ఉంటే లీజు సంగతీ లోన్ సంగతీ అప్పుడు మాట్లాడదాం.