రెండంగుళాల వాసం ఆగుతుందా? అడ్డదూలం పైకి లేపొచ్చా?

ప్రశ్న: కావలి దగ్గర పల్లెలో పాత ఇంటి కప్పు విప్పి మళ్ళీ మంగుళూరు పెంకే వేయిస్తున్నాం. గోడకూ గోడకూ మధ్య 5 మీటర్లు, వాలు 30 డిగ్రీలు. 2×4 అంగుళాల టేకు వాసాలు రెండడుగులకొకటి చాలంటున్నాడు మేస్త్రి. తల తగలకుండా అడ్డదూలాన్ని గోడ మట్టం నుంచి మూడో వంతు ఎత్తుకు లేపుతానంటున్నాడు. సరేననమంటారా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: రెండింటికీ ఇప్పుడే సరేననకండి.

వాసం మీద పెంకు బరువు పడితే అది వంగుతుంది. అది మనకు కనిపించేదే. కనిపించనిది ఇంకొకటుంది. రెండు వాసాలూ పైన ఒకదానికొకటి ఆనుకుని, కింద గోడల్ని బయటికి తన్నుతుంటాయి. దానివల్ల వాసం పొడవునా నొక్కుడు కూడా ఉంటుంది. వాసం తట్టుకోగలిగిన దాంట్లో వంపుకు ఎంత వాటా వాడామో, నొక్కుడుకు ఎంత వాటా వాడామో విడిగా లెక్కేసి కలపాలి. మొత్తం 1 దాటకూడదని కలప డిజైన్ కోడ్ ఐ.ఎస్. 883 చెబుతుంది.

మీ కప్పుకే లెక్క చూద్దాం. పెంకు, రీపర్లు, వాసం కలిపి చదరపు మీటరుకు 75 కిలోలు. వాలును నేల మీద కొలిస్తే అది 87 అవుతుంది. పైన మనిషి ఎక్కే బరువు 40. మొత్తం 127. రెండడుగుల దూరానికి మీటరుకు 76 కిలోలు. వాసం వాలు పొడవు 2.89 మీటర్లు. నడిమిన వంచే బలం (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది) 59 కిలోగ్రాం-మీటర్లు, అడుగున నొక్కుడు 238 కిలోలు, గోడను తన్నే బలం 165 కిలోలు.

కోడ్ కలపను బలాన్ని బట్టి గ్రూపులు చేస్తుంది. టేకును బి గ్రూపు కలపగా, ఆ గ్రూపు కింది అంచులోనే తీసుకుందాం: అనుమతించే ఒత్తిడి వంపుకు చదరపు సెంటీమీటరుకు 120 కిలోలు, నొక్కుడుకు 70. మేస్త్రి చెప్పిన 5×10 సెంటీమీటర్ల వాసంలో వంపు ఒత్తిడి 71, అంటే 0.59. నొక్కుడు ఒత్తిడి 4.75 మాత్రమే. కానీ సన్నటి వాసం నొక్కితే విల్లులా వంగిపోతుంది కాబట్టి 70 మొత్తం వాడుకోలేం. పొడవును లోతుతో భాగిస్తే 29 వస్తుంది, దానికి అనుమతి 39కి పడిపోతుంది. అది 0.12. మొత్తం 0.71 చిల్లర. బలానికి పాసే!

నడిమిన కుంగడంలో మాత్రం ఫెయిల్. వాసం 12.6 మిల్లీమీటర్లు కిందికి కుంగుతుంది. పెంకు కప్పుకు పొడవులో 360వ వంతు, అంటే 8 మిల్లీమీటర్లే హద్దు. అది దాటితే పెంకుల మధ్య సందులు విడి నీళ్ళు దిగుతాయి. పైగా వెడల్పు పొడవులో 50వ వంతుకు తగ్గకూడదు. మీకు 58 మిల్లీమీటర్లు కావాలి, రెండంగుళాలు చాలవు.

అడితిలో 2½×5 అడగండి. చిత్రిక పట్టాక 6×12 సెంటీమీటర్లు మిగిలినా మొత్తం 0.41, కుంగడం 6 మిల్లీమీటర్లు.

ఇంకో మాట. వాసం వెడల్పు వైపు ఒరగకుండా పట్టుకునేవి రీపర్లే. అవి మేకులతో బిగించకముందే పెంకు ఎత్తారనుకోండి, 2×4 వాసానికి ఆ దిక్కున పొడవు-వెడల్పు నిష్పత్తి 58 అవుతుంది. నొక్కుడు వాటా 0.12 నుంచి 0.49కి ఎగబాకి మొత్తం 1 దాటుతుంది. 2½×5 వేసినా ఆ వరస తప్పొద్దు.

ఇక అడ్డదూలం. రెండు వాసాలూ బయటికి విడిపోకుండా లాగి పట్టేది ఇదే. గోడ మట్టంలో ఉంటే 165 కిలోల లాగుడు చాలు. మూడో వంతు లేపితే 247 అవుతుంది. అది పెద్ద సంగతి కాదు. అసలు సంగతి వాసంలో ఉంది. గోడ తన్నును ఆపదని లెక్కిస్తే, దూలం తగిలిన చోట వంపు 59 నుంచి 132కి పోతుంది. 6×12 వాసానికి అది 92 ఒత్తిడి, నొక్కుడు కలిపి 0.83. ఆగుతుంది, కానీ వడ్రంగి అక్కడ వాసాన్ని సగం మందం చెక్కి దూలాన్ని కూర్చోబెట్టకపోతేనే. చెక్కితే ఒత్తిడి 183, అనుమతి 120 దాటిపోతుంది. మేం ఎక్కువగా చూసే పగుళ్ళు ఇక్కడివే. కాబట్టి చెక్కనివ్వొద్దు. దూలాన్నే వాసానికి అటూ ఇటూ రెండు పలకలుగా పెట్టి 12 మిల్లీమీటర్ల బోల్టు వాసం లోతు నడిమిన వేయించండి, పలక కొస నుంచి బోల్టుకు కనీసం 85 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు కూడా వాసం అడుగు కొంచెం బయటికి జరుగుతుంది. మీది మట్టి సున్నపు గోడైతే దూలాన్ని కిందే ఉంచడం మేలు.

ప్రశ్న: ఇలాంటి కప్పులో 2×4 అడ్డదూలానికి ఉయ్యాల కట్టొచ్చా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వద్దమ్మా. లాగుడు ఆ దూలానికి లెక్కలోది కాదు, 165 కిలోలకు ఒత్తిడి 3.3 మాత్రమే. కానీ 80 కిలోల మనిషి 60 డిగ్రీల దాకా ఊగితే తాళ్ళలో బలం రెట్టింపై 160 అవుతుంది. అయిదు మీటర్ల దూలం నడిమిన అది పడితే వంపు ఒత్తిడి 240. అనుమతికి రెండింతలు! ఉయ్యాలకు గోడ నుంచి గోడకు వేరే దూలం వేయించండి.

ప్రశ్న: తుఫాను గాలికి ఈ లెక్క మారుతుందా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: తలకిందులవుతుంది. నెల్లూరుకు గాలి లెక్కల కోడ్‌లో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. దాని ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు, కప్పు వాలును బట్టి గుణకం వేసుకోవాలి. పైకి పీల్చే బలం కప్పు బరువును మించితే వాసంలో నొక్కుడు లాగుడవుతుంది, అడ్డదూలంలో లాగుడు నొక్కుడవుతుంది. రెండంగుళాల వెడల్పున్న 5 మీటర్ల దూలానికి నిష్పత్తి 100. నొక్కుడు పడే కలపకు హద్దు 50. అందుకే దూలాలన్నిటినీ నడిమిన కలుపుతూ ఒక పట్టె కొట్టి, దాన్ని చివరి గోడలకు బిగించాలి. వాసం అడుగును గోడలో కట్టిన ఇనుప పట్టీకి బోల్టు వేయాలి. పట్టీలు, బోల్టులు గాల్వనైజ్డ్‌వే తీసుకోండి, ఉప్పుగాలికి మామూలు మేకు తల ముందు పోతుంది.