కనుమ రాత్రి నాటకానికి వస్తానన్నావుగా

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు పిల్లలకి మన ఊరి నాటకం కూడా చూపిస్తానన్నావు. ఈసారి బొబ్బిలి యుద్ధం వేస్తున్నారు. పదింటికని మైకులో చెబుతారు గానీ పదకొండైతే గానీ తెర లేవదు. అయ్యేసరికి కోడి కూస్తుంది.

అందుకని ముందు ఓపిక దాచుకోండి. కనుమ మధ్యాహ్నం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొద్దని అనను. వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల మీద పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అదే పదకొండు మంది రుద్రులు, ఒకచోట చేరేది ఏడాదికి ఆ ఒక్కరోజే కదా. గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నది నీళ్ళలోంచి దాటిస్తుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అది చూశాక మాత్రం జీళ్ళ కొట్లూ గాజుల కొట్లూ తిరగకుండా ఇంటికొచ్చి రెండు గంటలు పడుకోండి. కనుమ నాడు మినుము తినాలని మీ అత్తయ్య గారెలు దింపుతుంది. నాలుగుతో ఆపమని అల్లుడుగారికి నువ్వే చెప్పు, నేను చెబితే బాగోదు. గారెలు నిండా పట్టిస్తే మొదటి రంగంలోనే గురక. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రాత్రికే హైదరాబాద్ బస్సు బుక్ చేసి టెన్షన్ పెట్టకండి.

చాప ఎదురుగా వేయొద్దు. మా వాడు చిన్నప్పుడు సరిగ్గా సౌండ్ బాక్స్ ముందు కూర్చోబెట్టాను. యుద్ధం మొదలవగానే జడుసుకుని ఒకటే ఏడుపు. ఎత్తుకుని పక్కకి తీసుకెళ్తే, అప్పుడే చచ్చిపోయిన రాజావారు కిరీటం చంకలో పెట్టుకుని బీడీ కాలుస్తున్నారు. వాడి ఏడుపు ఆగింది గానీ, మళ్ళీ నాటకంలోకి రమ్మంటే రాలేదు. హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. పద్యం చివర రాగం సాగదీస్తుంటే పిల్లలు "కథ ఆగిపోయిందేంటి?" అంటారు. హార్మోనియం ఆయన మొహం చూడమను. పాడేవాడు పైకి వెళ్ళి దిగే చోటు కోసం వెతుకుతుంటే ఈయన కళ్ళెత్తి అతన్నే చూస్తుంటాడు, మెట్ల మీద వేలు ఆపి. సరిగ్గా దిగాడా, తల ఊపుతాడు. జనం వన్స్ మోర్ అనేది ఆ తర్వాతే. ఫోన్లో వీడియో తీస్తే ఇదేం దొరకదు.

అసలు మాట ఇది. చరిత్ర ముందే చెప్పేయకు. నువ్వు టీచరువి, నీకు నోరు ఊరుకోదని తెలుసు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు శత్రురాజు గుడారంలోకి వెళ్ళేటప్పుడు ఏమవుతుందో తెలియని పిల్లాడి కళ్ళు నువ్వు చూడాలి. నా చిన్నప్పుడు ప్రతాపరుద్రీయం నాటకం చూసి, మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం వేసి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ నుంచి తెచ్చేశాడనే చాన్నాళ్ళు నమ్మాను. ఓరుగల్లు 1323లో పడిపోయిందనీ, ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద దగ్గరే పోయాడనీ బళ్ళో చెబితే మాస్టారితో పోట్లాడాను. ఆ రోజు ఒళ్ళు మండింది గానీ, ఆ నాటకం అంత గట్టిగా పట్టుకోబట్టే ఆ సంవత్సరం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున్న వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పు. బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న, సంక్రాంతి వెళ్ళిన కొద్ది రోజులకే. దాడి చేసిన విజయనగరం రాజు విజయరామరాజు వెనక ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఉన్నాయని చెప్పు. కోటలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపుకున్నారన్నది చిన్నదానికి ఇప్పుడే వద్దు. బొబ్బిలి రాజు రంగారావు కొడుకు, పసివాడు, ప్రాణాలతో బయటపడి తర్వాత బొబ్బిలికి రాజయ్యాడని దానికి చెప్పు, చాలు.

మంచు బాగా కురుస్తోంది, మంకీ క్యాపులు తెండి. మంచి పద్యం పడితే నూట పదహార్లు చదివించు, పిల్లల చేత స్టేజీ ఎక్కించి మాత్రం కాదు. చాప నేను ముందే వేయించి ఉంచుతాను. అల్లుడుగారిని దుప్పటి వేరే తెచ్చుకోమను, క్రితంసారి నా దుప్పటి మొత్తం ఆయనే లాక్కున్నారు.

మీ మావయ్య